పీపాలో పులిసిన బీరు: మొదటిసారి రుచి చూసేవాళ్ళు ఏ సీసా తెప్పించుకోవాలి?

సంక్రాంతికి ఊరొచ్చే ముందు డల్లాస్ నుంచో శాన్‌హోసే నుంచో బావమరిది ఫోన్ చేసి, "బావా, ఈసారి విస్కీ కాకుండా ఇంకేమైనా తేనా?" అని అడగడం భీమవరం, అమలాపురం ఇళ్ళలో మామూలే. అక్కడివాళ్ళు మెచ్చుకునే వాటిలో ఈమధ్య "సోర్" (పుల్లటి బీరు), "వైల్డ్ ఏల్" (అడవి ఈస్ట్‌తో పులిసిన బీరు) అనే పేర్లు ఎక్కువగా వినిపిస్తున్నాయి. పెద్ద పెద్ద ఓక్ పీపాల్లో నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి పులియబెట్టిన బీరు ఇది. మన వైన్‌షాపుల్లో అడిగితే ఎగాదిగా చూస్తారు తప్ప సీసా బయటికి రాదు.

తెప్పించుకోవడమే దారి కాబట్టి లెక్క చూసుకోవాలి. విదేశం నుంచి వచ్చే ఒక్కో మనిషికి సుంకం లేకుండా 2 లీటర్ల మద్యం దాకానే అనుమతి. 750 మి.లీ. సీసాలు రెండు, 375 మి.లీ. సీసా ఒకటి కలిపితే 1,875 మి.లీ. అంతే, కోటా అయిపోయినట్టే. అందులోనే బావమరిది తన విస్కీ కూడా సర్దుకోవాలి. ఇంతా చేసి తెచ్చిన సీసా, మూత తీయగానే "ఇదేంట్రా, పాడైపోయింది" అని సింకులో పోసేది కాకూడదు కదా. పోసేవాళ్ళు ఉన్నారు కూడా.

కాబట్టి ఏది గొప్ప బీరు, దేనికి రేటింగ్ ఎక్కువ అని చూడకండి. మీ నాలుకకు ఏ పులుపు పడుతుందో ముందు తేల్చుకోండి. సీసా ఎంపిక సగం అక్కడే అయిపోతుంది.

ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మొదటిది పులుపు రకం. ఈ బీర్లలో ప్రధానంగా రెండు ఆమ్లాలు ఉంటాయి. లాక్టిక్ ఆమ్లం పెరుగులో ఉండేదే. నాలుక మీద మెత్తగా పరుచుకుంటుంది, ముక్కుకు తగలదు. ఎసిటిక్ ఆమ్లం వెనిగర్‌లో ఉండేది. వాసన ముందు వస్తుంది, గొంతులో చురుక్కుమంటుంది. పీపాలోకి గాలి ఎంత ఎక్కువ చొరబడితే ఎసిటిక్ అంత పెరుగుతుంది. చిన్న పీపాలో బీరు పరిమాణంతో పోలిస్తే చెక్క ఎక్కువ కాబట్టి గాలీ ఎక్కువే తగులుతుంది. ఒకే బ్రూవరీ బీరైనా పీపా మారితే రుచి మారిపోయేది ఇందుకే.

రెండోది బ్రెట్ వాసన. బ్రెటనోమైసిస్ అనే అడవి ఈస్ట్‌ను అందరూ "బ్రెట్" అంటారు. 1904లో కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో క్లాసెన్ అనే డేనిష్ శాస్త్రవేత్త దీన్ని ఇంగ్లీషు బీర్ల మీద పరిశోధన చేస్తూ గుర్తించి పేరు పెట్టాడు. ఇది తెచ్చే వాసన అందరికీ నచ్చదు. వానకు తడిసిన గడ్డిమేటు, తోలు, పశువుల పాక, కొన్నిసార్లు బాగా మగ్గిన అనాస. ఈ మాటలు చదవగానే మీ ముఖం ముడుచుకుంటే, ఈ వాసన తక్కువగా ఉన్న సీసా వైపు వెళ్ళండి.

మిగతావి చిన్న విషయాలే: తీపి ఉందా లేదా, ఆల్కహాల్ ఎంత, చెక్క రుచి ఎంత, ధర ఎంత. మన స్ట్రాంగ్ బీరు అలవాటైనవాళ్ళకు 6, 7 శాతం కొత్తేమీ కాదు. కానీ ఈ బీర్లలో పులుపు ఆల్కహాల్‌ను కప్పేస్తుంది. మెల్లగా తాగాలి.

కల్లు తెలిసినవాళ్ళకు ఇది పరాయిది కాదు

అడవి ఈస్ట్ అనగానే ఏదో విదేశీ వింత అనుకోనక్కర్లేదు. తెల్లవారుజామున దించిన తాటికల్లు తియ్యగా ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ నురుగు లేచి, మధ్యాహ్నానికి గట్టిపడి, సాయంత్రానికి పులుస్తుంది. మర్నాటికి దాదాపు వెనిగర్. బీరులో లాగా ఎవరూ ఈస్ట్ కొని కలపరు. కుండ అడుగున మిగిలిన నిన్నటి మడ్డిలో ఉన్నదీ, గాలిలో ఉన్నదీ కలిసి పని మొదలుపెడతాయి. ఆ పని జరగకుండా నీరా కావాలనుకుంటే కుండ లోపల సున్నం పూయాలి.

ఓక్ పీపా చేసేది అచ్చం ఆ మడ్డి కుండ పనే. చెక్క సందుల్లో బ్రెట్, దాంతో పాటు పెడియోకాకస్, లాక్టోబాసిల్లస్ అనే పులుపు తెచ్చే బ్యాక్టీరియా కాపురం పెడతాయి. ఎంత కడిగినా పూర్తిగా పోవు. కొత్త బీరు పోయగానే మళ్ళీ లేస్తాయి. తేడా అంతా వేగంలో ఉంది. మన ఎండలో కల్లుకు ఒక్క రోజు పడితే, బెల్జియం చలిలో అదే రకం పని ఏడాది నుంచి మూడేళ్ళ దాకా సాగుతుంది. మధ్యలో పెడియోకాకస్ దెబ్బకు బీరు చిక్కబడి తీగలా సాగే దశ కూడా వస్తుంది. ఆ సమయంలో తాగితే అసహ్యంగా ఉంటుంది. తర్వాత బ్రెట్ ఆ జిగురును నెమ్మదిగా తినేసి బీరును శుభ్రం చేస్తుంది. ఇక్కడ ఓపిక పట్టలేని బ్రూవరీ సరుకు పాడుచేసుకుంటుంది.

సాయంత్రపు కల్లు ఇష్టంగా తాగినవాళ్ళు, పొద్దుటి కల్లు మాత్రమే తాగేవాళ్ళు అని రెండు రకాల మనుషులు మన ఊళ్ళలో ఉంటారు. మీరు ఏ రకమో గుర్తు పెట్టుకోండి, కింద పనికొస్తుంది.

సీసాలు ఒక్కొక్కటిగా

*గోజ, బెర్లినర్ వైస్*

ఇవి పీపా బీర్లు కావు. అయినా తూకానికి చెబుతున్నాను, ఎందుకంటే హైదరాబాద్, బెంగళూరు బ్రూపబ్బుల్లో అప్పుడప్పుడు "సోర్" పేరుతో పెట్టేది చాలావరకు ఈ కుటుంబమే. కాచిన మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం) నీళ్ళలో లాక్టోబాసిల్లస్ వేసి ఒకటి రెండు రోజులు పులియనిచ్చి, మళ్ళీ మరిగించి, మామూలు ఈస్ట్‌తో ముగిస్తారు. కొన్ని వారాల్లో తయారు. బెర్లినర్ వైస్ 3 శాతం దగ్గర ఉంటుంది, బెర్లిన్‌లో పళ్ళ సిరప్ కలిపి తాగుతారు. గోజ జర్మనీలోని గోస్లార్‌లో పుట్టి లైప్‌జిగ్‌లో పేరు తెచ్చుకుంది. అందులో ఉప్పు, ధనియాలు వేస్తారు. ఉప్పు వేసిన నిమ్మసోడా తాగే మనకు ఇది మొదటి గుక్కకే అర్థమవుతుంది. మే నెల మధ్యాహ్నం ముంజలతో బాగుంటుంది.

దీనికోసం సూట్‌కేసులో చోటు మాత్రం పెట్టకండి. హైదరాబాద్ వెళ్ళినప్పుడు తాగి, పులుపు బీరు మీకు పడుతుందో లేదో తేల్చుకోవడానికి వాడుకోండి.

*తియ్యటి క్రీక్*

బెల్జియంలో గాలిలోని ఈస్ట్‌తో పులిసే బీరును లాంబిక్ అంటారు, పుల్లటి చెర్రీలు వేసి చేసే లాంబిక్‌ను క్రీక్ అంటారు. లిండెమాన్స్ వంటి పేర్లతో ఎక్కడపడితే అక్కడ దొరికేవి తీపి కలిపినవి. 3.5 శాతం ఆల్కహాల్, చెర్రీ షర్బత్ లాంటి రంగు. బీరే ఇష్టపడని మీ ఇంటావిడకు, అక్కకు నచ్చవచ్చు. పీపా రుచి తెలుసుకోవాలని వచ్చినవాళ్ళకు మాత్రం ఇది మోసం. అదే చెర్రీ కావాలి, తీపి వద్దు అనుకుంటే లేబుల్ మీద ఓ-యు-డి-ఇ (ఔడె) అనే నాలుగు అక్షరాలు ఉన్న క్రీక్ అడగండి. ఆ మాట వాడాలంటే యూరప్‌లో నియమాలున్నాయి. అది వేరే లోకం.

*ఫ్లాండర్స్ రెడ్*

పశ్చిమ బెల్జియంలోని ఫ్లాండర్స్ ప్రాంతపు ఎర్ర బీరు ఇది. అక్కడ రూసెలారే అనే ఊళ్ళో రోడెన్‌బాక్ బ్రూవరీ 1821 నుంచి ఉంది. మనిషి కంటే ఎన్నో రెట్లు ఎత్తున్న నిలువు ఓక్ తొట్లు వరసగా నిలబెట్టి అందులో బీరును రెండేళ్ళు ఉంచుతారు. సీసాలోకి వెళ్ళేటప్పుడు పాత బీరులో కొత్త బీరు కలుపుతారు. వాళ్ళ గ్రాండ్ క్రూలో మూడింట రెండు వంతులు రెండేళ్ళ బీరు, ఒక వంతు కుర్ర బీరు. 6 శాతం. మామూలు రోడెన్‌బాక్‌లో పాతది నాలుగో వంతే, 5.2 శాతం.

రంగు ముదురు ఎరుపు. వాసనలో చెర్రీ, ఎండు ద్రాక్ష, వెనుక కొంచెం వెనిగర్. ఆ వెనిగర్ ఉండాలి, ఉండటమే దాని లక్షణం. కానీ మాల్ట్ తీపి దాన్ని పట్టి ఉంచుతుంది. చింతపండు, బెల్లం కలిసిన రుచికి అలవాటుపడిన నోటికి ఇది సులువుగా ఎక్కుతుంది. వెర్హేగే వాళ్ళ డచెస్ డి బూర్గోన్ ఇదే జాతి, 6.2 శాతం, ఇంకాస్త తీపి. బ్రెట్ వాసన పెద్దగా ఉండదు. ధర మిగతా పీపా బీర్లతో పోలిస్తే తక్కువ, అమెరికాలో పెద్ద లిక్కర్ స్టోర్లలో దొరకడమూ సులువు.

మొదటి సీసా ఒక్కటే తెప్పించుకుంటానంటే నా ఓటు దీనికే.

*గూజ్*

బ్రస్సెల్స్ చుట్టుపక్కల, సెన్నే నది లోయలో చేసే లాంబిక్ అనే బీరుకు ఇది పట్టాభిషేకం అనుకోండి. మాల్ట్ చేసిన బార్లీతో పాటు మాల్ట్ చేయని గోధుమలు మూడింట ఒక వంతు దాకా పడతాయి. బీరులో వేసే హాప్స్ పూలు కూడా కొత్తవి కాదు, వాసన పోయిన పాతవి. కాచిన ద్రవాన్ని పైకప్పు కింద వెడల్పాటి లోతు తక్కువ తొట్టిలో రాత్రంతా తెరిచి ఉంచుతారు. గాలిలో వచ్చేదే ఈస్ట్. అందుకే చలికాలంలోనే, అంటే దాదాపు అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకానే చేస్తారు. ఎండాకాలం గాలిలో పనికిరాని బ్యాక్టీరియా ఎక్కువ. తర్వాత పీపాల్లోకి. ఒక ఏడాది, రెండేళ్ళు, మూడేళ్ళు నిండిన లాంబిక్‌లను కలిపి సీసాలో పోస్తే కుర్రదాంట్లో మిగిలిన చక్కెరతో సీసాలోనే మళ్ళీ పులిసి గ్యాస్ పడుతుంది. అదే గూజ్. 1900లో మొదలైన కాంటియోన్, ఇంకా బూన్, త్రీ ఫోంటైనెన్, టిల్కాన్ పేరున్న తయారీదారులు.

రుచిలో తీపి ఏమాత్రం ఉండదు, దీన్నే "పొడి" రుచి అంటారు. బాగా పొడి పులుపు, నిమ్మ తొక్క, గడ్డి, తడి మట్టి, చెక్క. మొదటి గుక్కకు చెంపలు లోపలికి లాగుతాయి. సాయంత్రపు కల్లు ఇష్టపడే మనిషికి ఇది ఇట్టే నచ్చుతుంది, పొద్దుటి కల్లు మనిషికి శిక్ష. మధ్యే మార్గం కావాలంటే బూన్ వాళ్ళ ఔడె గూజ్ అడగండి. 7 శాతం, కాంటియోన్ కంటే మెత్తన. కాంటియోన్ పేరు గొప్పది, దొరకడం కష్టం. అంత కష్టపడి దొరికించుకున్నది మొదటి సీసాగా తాగడం నాకు దండగే అనిపిస్తుంది.

గూజ్‌కు ఉన్న మరో లాభం: చల్లగా చీకట్లో పెడితే ఏళ్ళ తరబడి నిలవ ఉంటుంది. వచ్చే సంక్రాంతికి అట్టిపెట్టుకోవచ్చు.

*అమెరికన్ పీపా వైల్డ్ ఏల్*

మనవాళ్ళకు చేతికి అందేది ఇదే, ఎంచుకోవడం కష్టమైనదీ ఇదే. బెల్జియంలో ప్రతి బీరుకూ ఒక ఊరు, ఒక పద్ధతి ఉంటాయి. అమెరికాలో "వైల్డ్ ఏల్" అంటే బ్రూవరీకి తోచినట్టు. వైన్ పీపా, విస్కీ పీపా, పళ్ళు, పళ్ళు లేకుండా, గాలి ఈస్ట్, కొన్న ఈస్ట్, అన్నీ అందులోకే వస్తాయి. కాబట్టి జాతి పేరు చూసి కొనకూడదు, వెనుక లేబుల్ చదవాలి. చూడాల్సినవి మూడు: ఏ పీపా, ఏ పండు, ఎన్ని నెలలు.

కాలిఫోర్నియాలోని సోనోమా కౌంటీలో ఉన్న రష్యన్ రివర్ బ్రూవరీ వాళ్ళ సప్లికేషన్ ఒక మంచి ఉదాహరణ. బ్రౌన్ ఏల్‌ను పినో న్వార్ వైన్ పీపాల్లో పుల్లటి చెర్రీలతో, బ్రెట్, లాక్టోబాసిల్లస్, పెడియోకాకస్‌లతో ఏడాది దాకా ఉంచుతారు. 7 శాతం. గ్లాసులో పోస్తే గోధుమ ఎరుపు. ముందు చెర్రీ గింజ వాసన, తర్వాత ఎర్ర వైన్, ఆ తర్వాత నెమ్మదిగా పాక వాసన. పులుపు గూజ్ అంత నిటారుగా కాకుండా చుట్టూ తిరిగి వస్తుంది. వైన్ తాగే అలవాటున్నవాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే నేను ఇదే చెబుతాను. వాళ్ళదే టెంప్టేషన్ షార్డొనే పీపాల్లోది, తెల్ల వైన్ ఇష్టపడేవాళ్ళకు.

టెక్సస్‌లో మనవాళ్ళు ఎక్కువ కాబట్టి జెస్టర్ కింగ్ పేరు కూడా వినిపిస్తుంది. ఆస్టిన్ పట్టణం బయట పొలాల మధ్య ఉంది, చుట్టుపక్కల ఈస్ట్‌నే వాడతారు. వీళ్ళవి రంగులో లేత, రుచిలో పొడి, గూజ్‌కు దగ్గర. కొలరాడోలో న్యూ బెల్జియం వాళ్ళ లా ఫోలీ మాత్రం పెద్ద ఓక్ తొట్లలోనే ఏడాది నుంచి మూడేళ్ళు ఉంటుంది. రోడెన్‌బాక్ నచ్చినవాళ్ళు తర్వాతి మెట్టుగా ఎక్కవచ్చు, పులుపు మాత్రం దాని కంటే బాగా గట్టి.

విస్కీ పీపా అని రాసి ఉంటే జాగ్రత్త. బూర్బన్ వనిలా, పులుపు చాలాసార్లు ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయి. మన ఇళ్ళలో విస్కీ మీద ఉన్న మోజుతో "ఇదైతే నాన్నగారికి నచ్చుతుంది" అని తేవడం సహజం. ఆయన ఒక గుక్క తాగి "ఏంటమ్మా ఇది" అంటారు.

| రకం | పులుపు | బ్రెట్ వాసన | తీపి | ఆల్కహాల్ | ధర | ఎవరికి |
|---|---|---|---|---|---|---|
| గోజ, బెర్లినర్ | పెరుగు తరహా, తేలిక | లేదు | తక్కువ | 3–5% | తక్కువ | పులుపు పడుతుందో లేదో చూసేవాళ్ళకు |
| తియ్యటి క్రీక్ | తేలిక | దాదాపు లేదు | ఎక్కువ | 3.5% | మధ్యస్థం | బీరు ఇష్టపడనివాళ్ళకు |
| ఫ్లాండర్స్ రెడ్ | కొంత వెనిగర్ | తక్కువ | ఉంది | 5–6% | మధ్యస్థం | మొదటి పీపా సీసాకు |
| గూజ్ | గట్టి, పొడి | బాగా ఉంది | లేదు | 5–8% | ఎక్కువ | సాయంత్రపు కల్లు మనుషులకు |
| అమెరికన్ వైల్డ్ ఏల్ | లేబుల్‌ను బట్టి | మధ్యస్థం నుంచి ఎక్కువ | లేదు | సాధారణంగా 6–8% | ఎక్కువ | వైన్ తాగేవాళ్ళకు |

పక్కన ఏం పెట్టాలి

గోదావరికి ఎర్రనీరు వచ్చి పులస దొరికే రోజుల్లో బావమరిది దిగాడనుకోండి. పుస్తెలమ్మి కొన్న పులస పక్కన ఏ సోర్ బీరూ పెట్టకండి. చింతపండు పులుసు ముందు బీరు పులుపు చప్పబడుతుంది, బీరు ముందు చేప కొవ్వు రుచి తెలియదు. రెంటికీ నష్టం.

అదే చేపను గానీ రొయ్యలను గానీ కారం తగ్గించి వేయిస్తే గూజ్ బ్రహ్మాండంగా నప్పుతుంది. నూనెను కోసుకుంటూ పోతుంది. కారం గట్టిగా ఉన్న కోడి వేపుడుకు గూజ్ వద్దు. గ్యాస్, పులుపు, కారం మూడూ కలిసి నోరు మండిస్తాయి. అక్కడ ఫ్లాండర్స్ రెడ్‌లోని తీపి ఆదుకుంటుంది. గోంగూర, ఆవకాయ ఏ సీసాకూ పనికిరావు. ఆత్రేయపురం పూతరేకులు తిన్న వెంటనే పొడి సోర్ తాగితే పులుపు రెట్టింపుగా అనిపిస్తుంది. పూతరేకుకు తియ్యటి క్రీక్ ఒక్కటే జోడీ. ఏదీ తోచకపోతే ఉప్పు తక్కువ వేసి వేయించిన మోరి జీడిపప్పు పెట్టండి, అన్నిటికీ సరిపోతుంది.

సీసా విప్పే రోజు

ప్రయాణం చేసి వచ్చిన సీసాను వెంటనే తెరవకండి. అడుగున మడ్డి ఉంటుంది. ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు నిలువుగా ఉంచితే కిందికి దిగుతుంది. ఫ్రిజ్ చల్లదనంలో వాసనలు ముడుచుకుపోతాయి కాబట్టి తాగేముందు కాసేపు బయట పెట్టాలి. 10 నుంచి 12 డిగ్రీలు చాలు. జనవరిలో పావుగంట, ఇరవై నిమిషాలు. మే నెలలో రాజమండ్రిలో ఐదు నిమిషాలు ఆలస్యమైతే వేడెక్కిపోతుంది. కార్కు సీసా అయితే సింకు దగ్గర, తువ్వాలు కప్పి తీయండి. గ్యాస్ బలంగా ఉంటుంది.

స్టీలు గ్లాసు వద్దు. వైన్ గ్లాసు ఉంటే మంచిది, లేకపోతే అంచు లోపలికి వంగిన ఏ గాజు గ్లాసైనా. సీసా కుదపకుండా వంచి, ఒక్కొక్కరికి 60 మి.లీ. చొప్పున పోయండి. నురుగు నిమిషంలో పడిపోతే పాతసరుకు అనుకోకండి, ఆమ్లం ఎక్కువైన బీరులో నురుగు నిలవదు. ముందు వాసన చూడండి. మొదటి గుక్క మీద తీర్పు చెప్పకండి, అందులో నాలుకకు పులుపు తప్ప ఏమీ తెలియదు. నాలుగు మరమరాలు నమిలి, నీళ్ళు తాగి, రెండోది తాగండి. మూడో గుక్కకు చెక్క, పండు విడివిడిగా తెలియడం మొదలవుతుంది. రెండు రకాలు తెరిస్తే ఫ్లాండర్స్ ముందు, గూజ్ తర్వాత. తిరగేస్తే ఫ్లాండర్స్ చక్కెర నీళ్ళలా ఉంటుంది.

నిజంగా పాడైందని ఎలా తెలుస్తుంది? గడ్డి, పాక, కొంచెం వెనిగర్ లోపాలు కావు. నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన గుప్పున కొడితే, ముక్కు పెట్టలేనంత వెనిగర్ ఉంటే, లేదా మింగిన కాసేపటికి గొంతులో ఎలుకల వాసన లాంటిది తేలితే సీసాలో తేడా ఉన్నట్టే.

ఎసిడిటీ ఉన్నవాళ్ళు ఖాళీ కడుపుతో తాగకూడదు, గూజ్‌ను అసలు మొదలుపెట్టకపోవడమే మంచిది. 21 ఏళ్ళు నిండనివాళ్ళకు ఇంట్లో కూడా పోయకండి. సీసాలు హైదరాబాద్‌లో దిగి ఆంధ్రలోకి వస్తున్నట్టయితే సీసాలు కొన్న రసీదు దాచుకోమనండి, రాష్ట్రంలో ఎంతవరకు ఉంచుకోవచ్చో ఎక్సైజ్ నియమాలు ఒకసారి కనుక్కోండి. యానాం వెళ్ళి వెతికే ఆలోచన ఉంటే మానుకోండి. ఈ రకం కోసం అంత దూరం వెళ్ళడం అనవసరం, అక్కడ కొన్నది చెక్‌పోస్టు దాటిస్తే కేసు గొడవ.

నిలవ పెట్టాలంటే కరెంటు పోయే ఊళ్ళో అయినా ఫ్రిజ్ కంటే మంచి చోటు లేదు. బీరువా మీద, వంటింటి అటక మీద పెడితే మన వేసవి ఒక్కటి చాలు ఏళ్ళ పనిని పాడుచేయడానికి. సగం మిగిలిన సీసాను మూత బిగించి పెడితే మర్నాటి వరకూ బాగానే ఉంటుంది, గ్యాస్ తగ్గుతుంది అంతే. ఫ్లాండర్స్ మిగిలితే రెండో రోజు వాసన ఇంకా విచ్చుకుంటుంది. గూజ్ మిగిలితే ఆ రాత్రే ముగించండి.